చదివి వినిపించగా సమ్మతించి

ఆయన కన్నుమూసిన మూడో రోజు, పోయిన మంగళవారం పొద్దున పాలపాకెట్ల కోసం కిందికి దిగితే లిఫ్టు పక్కన ఆయన ఫొటో ఉంది. ఫొటో కింద నాలుగు వరుసలు, దశదిన కర్మ జరిగే చోటు, ఇట్లు కుటుంబసభ్యులు. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు ఫొటో చూసి "అయ్యో" అని, మళ్ళీ ఫోన్లలోకి తల వంచారు. ఆయనే ఉంటే ఆ కాగితాన్ని పై నుంచి కిందిదాకా చదివేవాడు. అడుగున సన్నని అక్షరాల్లో ఉన్న ఫ్లెక్సీ షాపు పేరు కూడా వదలకుండా చదివి, "ఫోన్ నంబరుల ఒక అంకె తక్కువున్నది" అని వాచ్‌మన్‌కు చెప్పేవాడు. నేను నిలబడి లెక్కపెట్టాను. నిజంగానే ఒక అంకె తక్కువ ఉంది.

ఆ రోజు డైరీలో ఆయన గురించి మూడు వాక్యాలు రాశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నవాణ్ణి. తెలిసినవాళ్ళు ఎవరు పోయినా మూడు వాక్యాలు రాయడం నా పద్ధతి. ఈయనకు ఆ మూడూ చాలలేదు.

ఆయన దస్తావేజులు రాసేవాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గోడకు ఆనించి వేసుకున్న బల్ల వెనుక ముప్పై ఐదేళ్ళు కూర్చున్నాడు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు ఉన్న నేల, దాని చుట్టూ అద్దాల భవనాలు లేచిన నేల, జొన్నచేలుగా, రాళ్ళగుట్టలుగా ఉన్న రోజుల నుంచి చేతులు మారుతూ వచ్చిన కాగితాల్లో చాలావాటి మీద ఆయన చేతిరాత ఉందని చెప్పేవారు. స్థానికులు ఆయన్ని రైటర్ సాబ్ అనేవారు. మేము బయటి నుంచి వచ్చినవాళ్ళం రైటరు గారు అనేవాళ్ళం. మాది అనంతపురం వైపు. నేను వాతావరణ పరిశీలన కేంద్రంలో వాననూ ఎండనూ కొలిచి రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆయన ఇల్లు మా కింది అంతస్తులో. రోజూ పదింటికి కాఫీకి మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరం రాతగాళ్ళమే కాబట్టి జత కుదిరిందనుకుంటాను. కాకపోతే నేను రాసింది ఎవరూ చదవరు, ఆయన ఎవరు రాసిందైనా చదువుతాడు.

దస్తావేజు రాయడం పూర్తయ్యాక ఇచ్చేవాణ్ణీ పుచ్చుకునేవాణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాలట. చివరన "చదివి వినిపించగా సమ్మతించి" అని ఒక మాట ఉంటుంది. చాలామంది రైటర్లు ఆ మాట రాసేసి, చదవడం మానేస్తారని ఆయన ఫిర్యాదు. ఈయన ఎన్నడూ మానలేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చూపుడువేలు వరుస కింద పెట్టి చదివేవాడు. పేరా పూర్తి కాగానే తలెత్తి మన మొహంలోకి చూసి "ఆఁ?" అనేవాడు. మనం "ఆఁ" అంటే తప్ప తర్వాతి పేరాకు కదలడు.

బల్ల తీసేశాక కూడా ఆ అలవాటు పోలేదు. మందుబిళ్ళల డబ్బాలో మడతపెట్టి ఉండే పల్చటి కాగితం, లిఫ్టులో అద్దం కింద బిగించిన లైసెన్సు, అన్నీ చదివేవాడు. ఒకసారి మా అమ్మాయి కారులో ముగ్గురం మాల్‌కు వెళ్ళాం. గేటు దగ్గర పార్కింగ్ చీటీ చేతికి రాగానే దాన్ని తిప్పి వెనక్కి చూశాడు. వెనక నాలుగు కార్లు హారన్లు కొడుతున్నాయి.

"బండికి ఏమన్న అయితె మాకు సంబంధం లేదు అని రాసిన్రు. మల్ల ఎవరికున్నది సంబంధం?" అని గేటు దగ్గరి మనిషిని అడిగాడు.

"సార్, జర ముందుకు పోండ్రి."

"పోత. ముందుగాల ఇది చెప్పు."

మా అమ్మాయి అప్పటి నుంచి ఆయన్ని కారెక్కించుకుంటే చీటీ తన చేతిలోంచి వదిలేది కాదు.

ఇక అసలు సంగతి. నా కాగితం డైరీలు ఇనుప పెట్టెలో, సెల్లార్లో ఉండేవి. ఒక వానాకాలం సెల్లారు నిండి అవన్నీ ముద్దయిపోయాయి. వాన కొలవడమే బతుకుతెరువుగా ఉన్నవాణ్ణి, సొంత సెల్లార్లోకి ఎంత వస్తుందో ఊహించలేకపోయాను. అదృష్టం కొద్దీ అంతకుముందే నాలుగేళ్ళు కూర్చుని రిటైరయ్యేదాకా రాసిన ముప్పై ఒక్క ఏళ్ళ డైరీలనూ కంప్యూటర్లో టైపు చేసి ఉన్నాను, ఏడాదికొక ఫైలు చొప్పున. పాత ఆఫీసు సాఫ్ట్‌వేరు, పాత తెలుగు ఫాంటు. పెన్‌డ్రైవులో నకలు కూడా ఉంది. కానీ ఆ నకలూ అదే పాత రకం ఫైలు. ఆ సాఫ్ట్‌వేరు ఉంటేనే తెరుచుకుంటుంది.

రెండేళ్ళ కిందట ఆ సాఫ్ట్‌వేరు తెరిచినప్పుడల్లా తనకు కాలం చెల్లిందని చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి తెల్లాపూర్‌లో ఉంటుంది, ఒక ఐటీ కంపెనీలో టీమ్ లీడు. "కొత్తది కొనేశాను నాన్నా, లింకు పంపాను. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అంతే" అంది ఫోన్లో. నేను ఆ మూడు మాటలనూ తొమ్మిది మెట్లుగా విడదీసి కాగితం మీద రాసుకుని, మరునాడు పొద్దున కూర్చున్నాను.

ఆరో మెట్టు దాకా సాఫీగా నడిచింది. పాత వెర్షను తొలగిస్తున్నామని ఒక ఆకుపచ్చ గీత కుడివైపుకు పాకి పూర్తయింది. తర్వాత తెర నిండా సన్నని ఇంగ్లీషు, అడుగున రెండు బటన్లు. ఒప్పుకుంటాను, ఒప్పుకోను. మౌసు మీద చెయ్యి వేశాను. నా చెయ్యి మీద ఇంకో చెయ్యి పడింది. పదయింది, రైటరు గారు వచ్చారు.

"దీంట్ల ఏమున్నది సారూ?"

"ఏమీ లేదండీ. అందరూ ఒప్పుకుంటాను అని నొక్కేస్తారు."

"ఏమీ లేకుంటె గింత పొడుగు ఎందుకు రాసిన్రు?"

ఆయన కుర్చీ లాక్కున్నాడు.

ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గాని వేగం లేదు. నేను ఒక్కో వాక్యాన్నీ చదివి తెలుగులో చెప్పాలి, ఆయన దాన్ని దస్తావేజు భాషలోకి మార్చి చెబుతాడు, నేను పొడుగు నోటుబుక్కులో రాయాలి, రాసింది ఆయన పైకి చదవాలి, "ఆఁ?" అనాలి, నేను "ఆఁ" అనాలి. ఈ పద్ధతిలో పూటకు రెండు పేరాలు నడిచాయి. మొదటి రోజు ఇరుపక్షాలు ఎవరన్నదే తేలలేదు.

"రాసిచ్చేటోని పేరున్నది, తండ్రి పేరు లేదు."

"కంపెనీకి తండ్రి ఎక్కడుంటాడండీ?"

"ఎప్పుడో పుట్టింది గదా. పుట్టినంక ఎందుకుండడు?"

మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. "అన్నా, కాఫీ చల్లారిపోతాంది."

"ఆగు చెల్లె. రెండో పేరాల మీ ఆయనను కట్టేస్తున్నరు, జర చూడనీయి."

రెండో రోజు, సదరు సాఫ్ట్‌వేరును మీకు విక్రయించలేదు, వాడుకొనుటకు మాత్రమే అనుమతించడమైనది అనే చోటికి వచ్చాం. ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. వంటింటి వైపు తిరిగి, "చెల్లె, మీ బిడ్డ కొన్ననన్నది గదా, కొనలే. కిరాయికి దిగింది" అని కేకేశాడు. తర్వాత హద్దుల దగ్గర పేచీ వచ్చింది. ఏ ఆస్తికైనా నాలుగు దిక్కులా హద్దులు రాయాలి, దీంట్లో లేవు. ఇది నేల కాదు, కంప్యూటరు లోపల ఉండేదని నచ్చజెప్పాను. కంప్యూటరు నేల మీదనే ఉన్నది గదా అన్నాడు. చివరికి నోటుబుక్కులో రాశాం. తూర్పున వంటింటి గోడ, పడమర కిటికీ, ఉత్తరాన దేవుడి అల్మారా, దక్షిణాన మా ఆవిడ కుట్టుమిషను. అది రాశాకనే ఆయనకు కాఫీ దిగింది.

ఈ మూడు రోజులూ నేను కంప్యూటరు ఆర్పలేదు. ఆర్పితే ఆరు మెట్లూ మళ్ళీ ఎక్కాలేమోనని భయం.

మూడో రోజు "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట తగిలింది. సాఫ్ట్‌వేరును ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, దేనికీ హామీ లేదు అని. ఆయన కళ్ళద్దాలు దించి నా వైపు చూశాడు.

"ఉన్నది ఉన్నట్టు అని ఎవడు రాయిస్తడో తెలుసా సారూ? లోపల ఏం లొల్లి ఉన్నదో ఎరుకైనోడు రాయిస్తడు."

దాని కింది వాక్యం నేనే చదివాను. మీ ఫైళ్ళకు ఏమైనా నష్టం జరిగితే మాకు బాధ్యత లేదు. ఆ వాక్యాన్ని నెమ్మదిగా తెలుగులో చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క వాక్యం.

"ఇది తీసెయ్యమని అడగాలె" అన్నాడు.

"ఎవర్నని అడుగుతామండీ? రెండే బటన్లు."

"మరింకేంది. ఒప్పుకోనని నొక్కుండ్రి. వాడే దిగొస్తడు."

భూముల బేరంలో అంతేనట. ఒక షరతు నచ్చకపోతే లేచి చెప్పులేసుకోవాలి. గుమ్మం దాటేలోపు అవతలివాడు పిలుస్తాడు. పిలవకపోతే మరునాడు మనిషిని పంపుతాడు. ఆయన సర్వీసులో పంపనివాడు లేడు. నేను ఆలోచించకుండా ఏ పనీ చేసే మనిషిని కాను. ఆ రోజు ఎందుకు చేశానో డైరీలో కూడా రాసుకోలేకపోయాను. ఒప్పుకోను అని నొక్కాను.

ఆ ఇంగ్లీషు పేజీ మూసుకుపోయింది. తెర మీద ఏమీ మిగల్లేదు.

"ఇగ సూడుండ్రి" అని ఆయన కాఫీ తాగాడు.

ఆయన వెళ్ళాక ఒక డైరీ ఫైలు మీద నొక్కి చూశాను. దీన్ని ఏ ప్రోగ్రాముతో తెరవాలో చెప్పమని కంప్యూటరు నన్నే అడిగింది. అప్పుడు అర్థమైంది. పాతదాన్ని అది మొదటే తీసేసింది. కొత్తదాన్ని నేను వద్దన్నాను. ముప్పై ఒక్క ఫైళ్ళు వరుసగా పేర్లతో కనబడుతున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. నేను బి.పి. బిళ్ళ వేసుకున్నాను.

రెండు రోజులు కంపెనీ కబురు కోసం ఎదురుచూశాం. "మనం ముందుపడి ఫోన్ చెయ్యొద్దు సారూ, పలుచనైతం" అని ఆయన రోజూ హెచ్చరించాడు. మూడో రోజు ఉండబట్టలేక, ఆయనకు తెలియకుండా, నెట్‌లో సాయం అని వెతికి మొట్టమొదట కనబడ్డ నంబరుకు ఫోన్ చేశాను. మళ్ళీ చేస్తామన్నారు. చేసేసరికి పది దాటింది, రైటరు గారు ఎదురుగానే ఉన్నారు. కంపెనీ వాళ్ళని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"చెప్పలే? స్పీకర్ల పెట్టుండ్రి. నేను మాట్లాడుత."

అవతలి గొంతు మర్యాదగా ఉంది. "నమస్తే అండి. మీ సిస్టమ్‌లో పెద్ద ప్రాబ్లమ్ ఉందండి. నేనొక యాప్ పంపుతానండి, అది వేసుకుంటే మీ స్క్రీన్ నాకు కనబడుతుంది. నేనే అంతా సరిచేస్తానండి."

"మంచిది. నీ పేరు?" అన్నాడు రైటరు గారు.

అతను ఒక పేరు చెప్పాడు.

"తండ్రి పేరు?"

"అది ఎందుకండి?"

"రాసుకోవాలె. వయసు? నివాసం? ఊరు, మండలం సుత చెప్పు."

"సార్, టైమ్ అయిపోతుందండి. మీ డేటా అంతా పోతుంది. ముందు యాప్ వేసుకోండి."

"వేసుకుంటం. నువ్వు కంపెనీ తరఫున మాట్లాడుతున్నవు గదా, జీపీఏ ఉన్నదా?"

"అదేంటండి?"

"నీకు అధికారం ఇచ్చినట్టు కంపెనీ రాసిచ్చిన కాగితం. అది లేకుండ మంది ఇండ్లల్లకు ఎట్ల వస్తవు బాబూ? నంబరు చెప్పు, ఏ ఆఫీసుల రిజిస్టరైందో చెప్పు. ఇద్దరు సాక్షులను లైన్లకు తీసుకరా. ముందుగాల ఆ ఉన్నది ఉన్నట్టు మాట తీసేసినట్టు చదివి వినిపియ్యి, తర్వాత నీ యాప్ సంగతి మాట్లాడుకుందం."

అవతల ఫోన్ పెట్టేశారు.

"మంచిగనే మాట్లాడిండు పిలగాడు" అన్నాడు రైటరు గారు నొచ్చుకుంటూ. "కాగితాలు సక్కగ లేవు, అంతే. పెద్దోన్ని పంపుతరు."

ఇద్దరం పెద్దవాడి కోసం ఎదురుచూశాం. శనివారం మా అమ్మాయి వచ్చింది. జరిగింది చెబుతుంటే నవ్వుతూ విన్నది, ఫోన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. వాళ్ళు దొంగలని, ఆ యాప్ వేసుకుని ఉంటే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయేవారని చెప్పింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అంకుల్, మీరు భలే పట్టుకున్నారు."

"నేనేం పట్టలే బిడ్డా. కాగితం ఏదన్న. లేదన్నడు."

ఆ మెప్పును అంతకంటే తీసుకోలేదు. అమ్మాయి కుర్చీలో కూర్చుని రెండు నిమిషాల్లో మళ్ళీ అదే ఇంగ్లీషు పేజీ తెప్పించింది. చెయ్యి బటను మీదికి వెళుతోంది.

"బిడ్డా, నువ్వు చదివినవా ఇది?"

"లేదు అంకుల్. ఎవరూ చదవరు."

"మీ ఆఫీసుల చేసేటి వాటికి సుత ఇసొంటిది ఉంటదా?"

"ఉంటుంది."

"అదన్న చదివినవా?"

అమ్మాయి నా వైపు చూసింది. "నాన్నా, వేరే దారి లేదు. ఒప్పుకోకపోతే ఒక్క ఫైలూ తెరుచుకోదు. ఒప్పుకుంటే దాదాపు అన్నీ తెరుచుకుంటాయి. ఆ పాత ఫాంటు వల్ల ఒకటి రెండు పాడైతే అవొచ్చు. నువ్వే నొక్కు."

దాదాపు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏ ఒకటి? ఏ రెండు? వారం రోజుల బెంగ అంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. ఆయన్ని నేను ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు, ఆ రోజు అన్నాను.

"రైటరు గారూ, మూడు రోజులు కూర్చుని చదివాం. ఏం సాధించాం? చదివినా అదే బటను, చదవకపోయినా అదే బటను. మీ మాట వినకపోతే ఏడు రోజుల కిందటే నొక్కేసేవాణ్ణి."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన నోటుబుక్కు మూశాడు. కోపం తెచ్చుకోలేదు. కిటికీలోంచి మెయిన్ రోడ్డు పక్కన ఉన్న అద్దాల భవనం వైపు చెయ్యి చూపించాడు.

"అది మా నాయిన భూమి సారూ. నాకు, మా తమ్మునికి పంపకమైనప్పుడు రోడ్డు పక్క ముక్క తమ్ముడు అడిగిండు. లోపలి ముక్క, గుట్ట రాళ్ళు నాకు. ఆ పంపకం కాగితం రాసింది నేనే. ఇద్దర్ని కూసోబెట్టి చదివింది నేనే. వినేటోండ్లల్ల ఒకన్ని నేనే. రోడ్డు వస్తదని నాకు తెలుసు."

"తెలిసి సంతకం పెట్టారా?"

"తమ్ముడు గదా. పెట్టిన. చదివేది, పోయేదాన్ని ఆపేటందుకు గాదు సారూ. ఆపుదమంటె ఎన్ని ఆపుతం. పోయేది ఏందో ఎరుకుండాలె. ఎరుకలేకుంటె పోయిన దాని కన్న పెద్దగ కనబడతది, బతికినన్ని దినాలు అదే ఏడుస్తం. నేను ఆ భూమికి ఒక్క దినం ఏడ్వలే. గజాలతోని సహా తెలుసు నాకు."

ఆయన నోటుబుక్కు మళ్ళీ తెరిచి, ఖాళీ పేజీ నా ముందు పెట్టి, నా జేబులోని పెన్ను తీసి చేతికిచ్చాడు.

"తప్పు నాది సుత ఉన్నది. కిరాయి సంగతులన్నీ రాసినం, మీ ఆస్తి వివరం రాయలే. రాయుండ్రి. ముప్పై ఒక్క ఏండ్లల్ల ఏది పోతె మీరు ఓర్వరో అది. చూడకుండ, ఎరుకున్నంత వరకు."

నేను రాయడం మొదలుపెట్టాను. అమ్మాయి పుట్టిన రోజు, ఉద్యోగమంతటిలో ఆ ఒక్క పొద్దున రీడింగు తీయడం గంట ఆలస్యమైన సంగతి. వాన కొలిచే పాత్రలో కప్ప దూకినప్పుడు, కప్ప వల్ల పెరిగింది ఎంత, వాన ఎంత అని తేల్చలేక పై అధికారికి ఉత్తరం రాసిన సంగతి. మా నాన్న ఆఖరిసారి మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ఇక్కడి నీళ్ళు బాగున్నాయిరా అన్న మాట. మా ఆవిడకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు, రోజుకు మూడుసార్లు చూసిన ఉష్ణోగ్రతలు.

నా భుజం మీదుగా చూస్తున్న మా ఆవిడ, "నా జ్వరం కూడా ఎక్కించినావా నువ్వు?" అంది.

ఇంకొన్ని రాశాను. పేజీ తిప్పాను. రెండో పేజీ సగంలో పెన్ను ఆగింది. ఇంకా వస్తాయని కూర్చున్నాను. ఇంకేమీ రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళకు ఒకటిన్నర పేజీ.

ఆయన ఆ ఒకటిన్నర పేజీనీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వేలు పెట్టి, పైకి చదివాడు. ప్రతి వివరం దగ్గరా తలెత్తి "ఆఁ?" అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. నాన్న మాటను ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. ఆవిడ చేత, అమ్మాయి చేత సాక్షి సంతకాలు పెట్టించి, అడుగున రాయించినవాడు అని తన పేరు రాశాడు.

"ఇగ నొక్కుండ్రి."

నొక్కాను. ఆకుపచ్చ గీత ఎడమ చివర మొదలైంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, తెరుచుకుంటాయో లేదో చూసి వెళుదురు గాని" అన్నాను.

"అది కంపెనీ పని సారూ. మన పని అయిపాయె. ఆకలైతున్నది" అని వెళ్ళిపోయాడు.

ఇరవై నిమిషాల తర్వాత ముప్పై ఫైళ్ళు తెరుచుకున్నాయి. ఒక ఏడాదిది మాత్రం జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా అక్షరాల చోట వట్టి గళ్ళు. అది ఈనాటికీ అలాగే ఉంది. ఆ ఏడాది ఏం జరిగిందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాదు. నా ఒకటిన్నర పేజీలో ఆ ఏడాదిది ఒక్క వరుస కూడా లేదు. కుదిరినప్పుడు బాగుచేసి పెడతానని అమ్మాయి అంటూ ఉంటుంది. తొందరేమీ లేదని చెప్పాను.